త్రోవలో కనబడిన గూడు

ధ్యానమునకు: ద్వితీయోపదేశకాండము 22:6, 7, మత్తయి 10:29–31



మీలో అనేకుల కుమారులును కుమార్తెలును హైదరాబాదు పట్టణమందలి అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతములలో నివసించుచున్నారు. మైత్రీవనము చుట్టునున్న సందులలో కంప్యూటరు పాఠములు నేర్చుకొనుచు, ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చొప్పున హాస్టళ్లలో ఉండు ఈ పిల్లలకు ఆకాశము కిటికీ అంత మాత్రమే కనబడును. 2017 నవంబరు మొదలుకొని మెట్రో రైలు ఆ వీధుల మీదుగా పోవుచున్నది. రెండు మార్గములు అమీర్‌పేటలో కలియుటవలన ఉదయము మొదలు రాత్రివరకు జనసందోహము తగ్గదు. హుస్సేన్‌సాగరము దగ్గరలోనే యున్నను, చదువు, పరీక్షలు, ఉద్యోగపు వెదకులాట అను వీటి మధ్య దానివైపు పోయి నిలువబడు తీరిక వారికి చిక్కదు.

ఈ పిల్లలలో కొందరు ఆదివారములలో మాతో కూడి ప్రార్థించుచుందురు. గడచిన వేసవిలో మేమందరము కలిసి గండిపేట చెరువు ఒడ్డున ఒక స్నేహితుని ఇంటిలో మూడు దినములు గడిపితిమి. అమీర్‌పేటకు ఆ చెరువు సుమారు 20 కిలోమీటర్ల దూరము. అలసిన శిష్యులను ప్రభువు నిర్జన స్థలమునకు విశ్రాంతికై పిలిచిన సంగతి మార్కు 6:31లో చదువుచున్నాము గదా. ఆ తలంపుతోనే బయలుదేరితిమి. ఒకరిద్దరు మంచి కెమేరాలు తెచ్చిరి. తక్కినవారికి సెల్‌ఫోనులే కెమేరాలు.

ఆ చెరువు కథ మీలో పెద్దలు వినియుందురు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. వేలాదిమంది చనిపోయిరి. అట్టి నాశనము మరల రాకుండునట్లు నది కెగువను ఆనకట్ట కట్టవలెనని పెద్దలు ఆలోచించి, 1920లో ఈ జలాశయమును ముగించిరి. దానికి ఉస్మాన్ సాగర్ అని పేరు. ప్రాణములు తీసిన నీరే అడ్డకట్ట వేయబడిన తరువాత పట్టణమునకు త్రాగునీరాయెను. వేసవిలో నీరు వెనుకకు తీసి, ఒడ్డున గులకరాళ్ల నేల బయటపడును.

మొదటి రెండు దినములు మాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. తెల్లవారకముందే లేచి ఒడ్డున కూర్చుంటిమి. బుడుబుంగలు మునిగి, మేము తలంచని చోట తేలుచుండెను. నీటికాకులు రాళ్లమీద రెక్కలు చాచి ఆరబెట్టుకొనుచుండెను. లకుముకి పిట్ట కొమ్మమీదనుండి రాయి పడినట్లు నీటిలోబడి చేపతో లేచెను. చలికాలపు వలస పక్షులు అప్పటికే తమ దేశములకు వెళ్లిపోయినవి. ఆకాశపు పక్షులు తమ కాలము నెరుగునని యిర్మీయా 8:7లో ప్రవక్త చెప్పిన మాట అక్కడ అందరికిని జ్ఞాపకము వచ్చెను. ఆదికాండము మొదటి అధ్యాయములో దేవుడు నరుని చేయకముందే పక్షులను చేసి వాటిని ఆశీర్వదించెను. మనకంటె ముందుగా ఆశీర్వాదము పొందినవాటిని చూచి ఆనందించుట తప్పు కాదు. వాటి ఛాయాచిత్రము తీసికొని ఇంటనున్నవారికి చూపుటయు తప్పు కాదు.

ఫోటో తీయుట పూర్వము ఓర్పుతో కూడిన పని. ఆరవ నిజాము ఆస్థానములో ఛాయాగ్రాహకుడుగా నుండి, 1894లో ముసవ్విర్ జంగ్ అను బిరుదు పొందిన రాజా దీనదయాళ్ కాలములో, బరువైన కెమేరా పెట్టెను, గాజుపలకలను మోయించుకొని పోయి, అనుకూలమైన వెలుతురు కొరకు కనిపెట్టవలసి యుండెను. ఇప్పుడు వ్రేలు తాకినంతనే పది చిత్రములు పడును. మా పిల్లలలో ఒకడు రెండు దినములలో తొమ్మిది వందల ఫోటోలు తీసెను. వాటిలో ఒక్కదానినైనను నిలిచి చూచుటకు అతనికి తీరిక లేకపోయెను.

మూడవ దినమున మా తప్పు జరిగెను. దానిని దాచక చెప్పుచున్నాము.

మధ్యాహ్నము కావచ్చెను. ఎండ నిప్పులు చెరుగుచుండెను. గులకరాళ్ల నేలమీద నడచుచుండగా, ఒక తీతువు పిట్ట మా కాళ్లముందునుండి లేచి, మా తలలచుట్టు తిరుగుచు కేకలు వేసెను. మీకందరికిని ఆ పిట్ట తెలియును. వీపు గోధుమవన్నె, రొమ్ము నలుపు, కడుపు తెలుపు, కన్నులముందు ఎఱ్ఱని తోలు, పొడుగైన పసుపుపచ్చని కాళ్లు. అది చెట్టుమీద గూడు కట్టదు. నేలమీద చిన్న పల్లమే దాని గూడు. మేము వెదకగా రాళ్ల మధ్య నాలుగు గ్రుడ్లు కనబడెను. బూడిదవన్నెమీద నల్లని మచ్చలు. రాళ్లకును వాటికిని భేదము కానరాదు.

మేము సంబరపడితిమి. గ్రుడ్ల ఫోటోలు తీసితిమి. తల్లి వచ్చి కూర్చున్నప్పుడు తీయవలెనని నాలుగడుగుల దూరములో కెమేరాలు పట్టుకొని కాచుకొంటిమి. తల్లి దగ్గరకు వచ్చును, మమ్మును చూచి మరల లేచును. ఒక రెక్క విరిగినదానివలె నేల నీడ్చుచు మమ్మును దూరముగా తీసికొనిపోవ ప్రయత్నించెను. మేము దానిని కూడ ఫోటో తీసితిమి. మధ్యలో ఆ పిల్లవాని సెల్‌ఫోను మ్రోగెను. ఊరినుండి తల్లి పిలుచుచుండెను. ఇప్పుడు కాదని దానిని ఆపివేసెను.

ఇట్లు పావుగంట గడచెను. అప్పుడు గేదెలు కాచుచున్న ఒక ముసలమ్మ మావైపు వచ్చి, "జర దూరం జరుగుండ్రి బిడ్డా! తల్లిని లేపి నిలబెడితే గుడ్లు ఎండకు ఉడికిపోతయి" అనెను.

ఆమె మాటలో కోపము లేదు. గాని మేము సిగ్గుపడితిమి. గ్రుడ్డులోని పసిప్రాణము సుమారు 37, 38 డిగ్రీల వేడిమిలో ఎదుగును. మే నెల మధ్యాహ్నము మన దేశములో గాలియే 40 డిగ్రీలు దాటును. కాగిన రాతినేల సంగతి చెప్పనేల? చలిదేశములలో పక్షి గ్రుడ్లమీద కూర్చుండుట వెచ్చదనము కొరకు. ఇక్కడ ఎండకాలమున కూర్చుండుట నీడ కొరకు. ఇది చదువుకొన్న మాకు తట్టలేదు. గేదెలు కాచు అమ్మకు తెలిసియుండెను. ధర్మశాస్త్రము లేనివారు సైతము దాని సారమును హృదయములో కలిగియుందురని అపొస్తలుడైన పౌలు రోమా 2:14, 15లో వ్రాసిన సంగతి మా కన్నులయెదుట నిలిచెను.

మేము వెనుకకు పోయి, దూరముననున్న తుమ్మచెట్టు క్రింద కూర్చుంటిమి. పిట్ట వెంటనే గూటికి పోలేదు. నీటి యొద్దకు పరుగెత్తి, కడుపు ఈకలను బాగుగా తడుపుకొని, ఆ తడితో వచ్చి గ్రుడ్లమీద నిలిచి, మెల్లగా కూర్చుండెను. కొంతసేపటికి దాని జోడు వచ్చెను. ఇది లేచి దానికి చోటిచ్చెను. ఈ జాతి పక్షులలో తల్లియు తండ్రియు వంతులవారీగా సుమారు నాలుగు వారములు ఇట్లు కాచుకొందురట. అంత దూరమునుండి తీసిన ఫోటోలో పిట్ట ఒక చుక్కవలె మాత్రమే కనబడుచున్నది. అయినను మూడు దినములలో మేము నిజముగా చూచినది అదే.

ఆ సాయంకాల ప్రార్థనలో ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము తెరచితిమి. త్రోవలో నీకు పక్షిగూడు కనబడినయెడల, చెట్టుమీద గాని నేలమీద గాని, తల్లి పిల్లలమీదనో గ్రుడ్లమీదనో కూర్చుండియున్నప్పుడు, ఆ తల్లిని పట్టుకొనకూడదనియు, దానిని విడిచిపెట్టవలెననియు అక్కడ ఆజ్ఞ యున్నది. నేలమీది గూటిని సైతము దేవుడు మరువలేదు. ఈ ఆజ్ఞలో మూడు సంగతులు గమనింతము.

మొదటిది, ఆ గూడు త్రోవలో కనబడినది. ఆ మనుష్యుడు దానికొరకు బయలుదేరలేదు. మన పరీక్షలలో అనేకములు ఇట్లే వచ్చును. గుడిలో భక్తిగా నుండుట మనకు తెలియును. పనిమీద పోవుచుండగా కాళ్లయొద్ద కనబడిన బలహీనునితో ఎట్లు ప్రవర్తింతుమో, అక్కడనే మన భక్తి తేలును.

రెండవది, ఆకలిగొన్నవానికే దేవుడు హద్దు పెట్టెను. పిల్లలను తీసికొనుటకు ధర్మశాస్త్రము సెలవిచ్చెను, గాని తల్లిని ముట్టనియ్యలేదు. అవసరమునకే హద్దు ఉన్నప్పుడు వేడుకకు ఎంత హద్దు ఉండవలెను! మేము కడుపునిండ తిని, ఫోటో కొరకు పోయినవారము. పూర్వము పక్షులను గూర్చి నేర్చుకొనవలెనన్నను వాటిని కాల్చి చేతికి తెచ్చుకొనుట వాడుకగా నుండెను. 1931, 1932 సంవత్సరములలో సలీం అలీగారు హైదరాబాదు రాజ్యమంతట తిరిగి పక్షుల వివరములు సేకరించిన కాలమున గూడ పద్ధతి అదియే. తుపాకి పోయి కెమేరా వచ్చుట మంచిదే. గాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, అడవిపక్షుల గ్రుడ్లను, గూళ్లను కలతపెట్టుటను గూడ వేట అనియే యెంచుచున్నది. మేము వేటాడుటకు పోలేదని అనుకొంటిమి. చట్టము మా చేతిలోని కెమేరాను చూడదు, గూటికి కలిగిన కలతను చూచును. దేవుని వాక్యమును అట్లే చూచుచున్నది.

మూడవది, ఈ చిన్న ఆజ్ఞకు గొప్ప వాగ్దానమున్నది. మేలు కలుగుట, దీర్ఘాయువు కలుగుట. తల్లిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞకు ద్వితీయోపదేశకాండము 5:16లో ఏ వాగ్దానమున్నదో, పిట్టతల్లిని విడిచిపెట్టుమను ఆజ్ఞకును అదే వాగ్దానము. ఇది చదివినప్పుడు ఆ పిల్లవాడు తల వంచుకొనెను. ప్రార్థన ముగిసినంతనే బయటికి పోయి తల్లితో మాటలాడెను. ఆమె ఏమి చెప్పవలెనని పిలిచెనో తెలియునా? అన్నము తింటివా, ఎండలో తిరుగుచున్నావా అని అడుగుటకు మాత్రమే.

ప్రియులారా, ఈ సంగతి కెమేరాలు గలవారికి మాత్రమే కాదు. పొలము దున్నునప్పుడు తీతువు లేచి అరచినయెడల, కొంచెము నిలిచి, ఆ జానెడు నేలను వదలి నాగలిని గాని ట్రాక్టరును గాని ప్రక్కకు త్రిప్పుడి. ఆ అరుపు అపశకునమనియు, చావు కబురనియు మన పల్లెలలో చెప్పుకొందురు. అది తన పిల్లలకొరకు మొఱ్ఱపెట్టు తల్లి. దానికి భయపడవద్దు, దానిమీద రాయి విసరవద్దు. పిల్లలు గ్రుడ్లు ఏరితెచ్చినయెడల, ఈ వాక్యమును వారికి చదివి చెప్పుడి.

ఇంకొక మాట. ఇది చెప్పుటకు మాకు బాధగా నున్నది. మన సంఘములలో విధవరాలికి చీర ఇచ్చునప్పుడు, వృద్ధునికి బియ్యపు సంచి ఇచ్చునప్పుడు, ఫోటో కొరకు వారిని ఎండలో నిలువబెట్టుచున్నాము. ముఖమెత్తమని చెప్పుచున్నాము. ఫోటో సరిగా రాలేదని, ఇచ్చిన సంచిని వెనుకకు తీసికొని రెండవమారు ఇచ్చుటయు మేము చూచితిమి. ధర్మకార్యము మనుష్యులకు కనబడునట్లు చేయవద్దని ప్రభువు మత్తయి 6:1–4లో హెచ్చరించెను గదా. రోగి మంచము ప్రక్కన ప్రార్థించుచు ఒక చేత సెల్‌ఫోను పట్టుకొనువారు ఆ మంచముమీదివాని సిగ్గును తలంచుచున్నారా? ఆ దినమున మేము గూటియొద్ద నిలిచినట్లే, మన సంఘములు బీదల గుమ్మములయొద్ద నిలుచుచున్నవి. సహాయము చేయుడి, నీడనియ్యుడి, వెనుకకు తొలగుడి.

పిచ్చుకలు బజారులో కొద్దిపాటి కాసునకు అమ్మబడు దినములలో, వాటిలో ఒక్కటైనను తండ్రి యెరుగకుండ నేల పడదని ప్రభువు బోధించెను. ఆయన మనలను చూచు చూపు అట్టిది. మన లోపములన్నియు ఎరిగియుండియు, మనలను బయటపెట్టుటకు గాక కాపాడుటకు చూచుచున్నాడు. ఆయన రెక్కల నీడను దాగినవారమైన మనము, మన కన్నులలోను కొంత నీడ కలిగియుండవద్దా?

అమీర్‌పేటకు తిరిగివచ్చునప్పుడు ఆ పిల్లవాడు తన తొమ్మిది వందల ఫోటోలలో చాలవాటిని చెరిపివేసెను. తుమ్మచెట్టు క్రిందనుండి తీసినదానిని మాత్రము తల్లికి పంపెను. ఇందులో పిట్ట ఎక్కడ నాయనా అని ఆమె అడిగెనట. అతడు చెప్పగా, అంత దూరమున నుండుటయే మంచిదని ఆమె అనెనట.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీవు చేసిన వాటిని చూచుటకు మాకు కన్నులిచ్చినందుకు స్తోత్రము. మా వేడుక కొరకు బలహీనులను ఎండలో నిలిపిన మా పాపమును క్షమించుము. దూరదేశములలోను పట్టణములలోను ఉన్న మా బిడ్డలను నీ నీడలో ఉంచుము. ఇంటియొద్ద కనిపెట్టుచున్న తల్లిదండ్రులను వారు మరువకుండునట్లు చేయుము. త్రోవలో మాకు కనబడు ప్రతి గూటియొద్దను మా అడుగులు సరిచేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.