పావలాపై ఖడ్గమృగము

మన యిండ్లలో పాత పెట్టెను దులిపినప్పుడు అడుగున నొక పావలా కాసు దొరకుట కలదు. ఒకవైపున సింహశీర్షము, వేఱొకవైపున ఒంటికొమ్ము ఖడ్గమృగము. 1988 నుండి 2002 వరకు ముద్రింపబడిన యీ స్టీలు నాణెము 2011 జూన్ 30 నుండి చెల్లుబాటు కోల్పోయినది. ఏమియు కొనలేని యీ కాసును కొనువారు నేడు కలరు. అట్లైన విలువ యెక్కడ నున్నది?

సేకర్తలు నాణెమునకు వెల కట్టునపుడు ముఖ్యముగా రెండు చూతురు: ఆ యేట ఆ టంకశాలలో ఎన్ని ముద్రించిరి, ముద్ర యెంత చెక్కుచెదరక యున్నది. సంవత్సరము క్రింద చిన్న నక్షత్రమున్నచో అది హైదరాబాదు టంకశాలది. ఈ పావలాలు కోట్లకొలది వెలువడినవి. కావున అరిగిన కాసునకు పెద్ద వెల రాదు. లక్షలిత్తుమని యాశపెట్టి ముందుగా రుసుము గుంజువారిని నమ్మవలదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించినది.

కాసు అరుదైన కొలది వెల పెరుగును. అందువలన నెవరికిని కీడు లేదు. కాని కాసుపైనున్న మృగము విషయమున నిదే సూత్రము ప్రాణాంతకము. మృగము లరుదైన కొలది కొమ్మునకు వెల పెరుగును. వెల పెరిగిన కొలది వేటగాండ్రు పెరుగుదురు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో కజిరంగాలో మిగిలినవి కొలదియే. కాపాడినందుననే 2022 లెక్కలో 2,613 కనబడినవి. 2021 సెప్టెంబరు 22న అస్సాము ప్రభుత్వము ఖజానాలలో చేరిన 2,479 కొమ్ములను బొకాఖాట్‌లో దహింపజేసినది. అమ్మదగిన ధనమును కాల్చుట వెఱ్ఱితనమని కొందఱందురు. కొమ్మునకు విలువ బ్రదికియున్న మృగము ముఖముననే యని చాటుటకు అంతకన్న స్పష్టమైన మార్గము మాకు తోచదు.

సేకరణ తప్పని మేమనము. అది జ్ఞాపకమును నిలుపు మంచి యలవాటు. అయితే కాసు అరుదైనచో సంతోషింపవచ్చును. మృగము అరుదైనచో సిగ్గుపడవలెను. ఈ భేదమెఱిగినవాడే సేకర్త, ఎఱుగనివాడు వర్తకుడు మాత్రమే.

మన మనుమలకు ఈ కాసు నిచ్చునపుడు దాని వెల చెప్పక, మృగము కథ చెప్పుదము. దానితోపాటు ‘పావలా’ యను మాటయు నేర్పుదము. కాసు వాడిన కొలది అరుగును. మాట వాడనిచో అరుగును.