మడిచిన దుప్పటి

ధ్యాన భాగములు: అపొ. కార్యములు 9:32–35, యోహాను 20:1–10, నిర్గమకాండము 22:26–27



దుప్పట్లు మడుచుటను గూర్చి కూడ బోధ కావలెనా అని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుడి, గాని లుద్ద పట్టణములో పేతురు చేసినదానిని ఒకసారి నెమ్మదిగా చదువుడి. అక్కడ ఐనెయ అను మనుష్యుడు పక్షవాయువు చేత ఎనిమిది సంవత్సరములుగా మంచము పట్టియుండెను. ఎనిమిది ఏండ్లనగా దాదాపు మూడువేల ఉదయములు. ప్రతి ఉదయమును ఎవరో ఒకరు అతనిని ఒక ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, క్రింది బట్టను లాగి, దులిపి, మరల పరచియుందురు. తల్లియో, భార్యయో, కూతురో, లూకా వ్రాయలేదు. పండుకొన్నవాని పేరు మనకు తెలిసినది, పక్క వేసినవారి పేరు తెలియలేదు. మన యిండ్లలోను అంతే గదా!

పేతురు యేసుక్రీస్తు నామమున అతనికి స్వస్థత ప్రకటించి, అదే నోట ఇచ్చిన ఆజ్ఞ ఏమి? లేచి తన పడకను తానే చూచుకొనుమనెను. గ్రీకు మూలములోని మాటకు పరచుట అని అర్థము. అది భోజనమునకు కూర్చుండు ఆసనమును సవరించుకొనుట అని చెప్పు పండితులును కలరు. పరచుట యైనను, సర్దుట యైనను, 'నీకు నీవే' అనునది ఆ వాక్యములో స్పష్టముగా నున్నది. బాగుపడిన చేతులకు అపొస్తలుడు అప్పగించిన మొదటి పని అది. ఇతరులు ఎనిమిది ఏండ్లు మోసిన పని ఆ దినమున సొంతదారుని చేతికి తిరిగి వచ్చెను.

ఇక మన కాసిపేటకు వత్తము. మనది బొగ్గు ప్రాంతము. మందమర్రి, బెల్లంపల్లి, రామకృష్ణాపూర్ మన పొరుగు. దేవాపూర్‌లో సిమెంటు కర్మాగారము ఉన్నది. ఎక్కడ చూచినను షిఫ్టుల పనియే. మన వైపు గనిని 'బాయి' అందురు. నైట్ షిఫ్టు చేసి తెల్లవారి బాయి మీదనుండి వచ్చువాడు నడుము వాల్చు మంచము, రాత్రి పిల్లలు పండుకొన్న మంచమే. అన్నదమ్ములిద్దరు వేర్వేరు షిఫ్టులలోనున్న యింట ఒకే పరుపు ఒక్క దినములో రెండు నిద్రలు చూచును. అట్టి యింట, ముందు లేచినవాడు పక్కను ఏ స్థితిలో విడిచెనో దానిమీద తరువాత వచ్చినవాని విశ్రాంతి ఆధారపడియున్నది. కాబట్టి దుప్పటి మడుచుట మన సౌందర్యము కొరకు మాత్రమే కాదు. మన తరువాత ఆ పక్కమీదికి రాబోవువాని కొరకు అది చేయు పని.

అయితే ఆ పని ఎవరు చేయుచున్నారు? పురుషులలో చాలమంది పాము కుబుసము విడిచినట్లు దుప్పటిని విడిచి లేచిపోవుదురు. ఏడవ తరగతి చదువు ఆడపిల్ల తన బొంతతోపాటు అన్న చెద్దరును, తండ్రి గొంగడిని, నాయనమ్మ మెత్తను సర్ది, దండెము మీద వేయవలసినవి వేసి, ఆ మీదట జడ వేసికొని బడికి పరుగెత్తును. ఆమె కంటె రెండేండ్లు పెద్దవాడైన అన్న పండ్లు తోముకొనుచు వాకిట నిలిచియుండును. దీనికి మనము 'ఆడపిల్ల పెంపకము' అని పేరు పెట్టుకొంటిమి. మగపిల్లవాని పెంపకము ఏమాయెనో ఎవరును అడుగరు.

"బాయిలో విరిగి వచ్చినవానికి ఇంటిలో దుప్పటి పని కూడనా?" అని అందురు. నైట్ షిఫ్టు దిగి వచ్చినవానికి, జ్వరముతో నున్నవానికి, బాలింతకు, వృద్ధులకు పక్క వేయుట ప్రేమ. ఐనెయకు ఎనిమిది ఏండ్లు చేసినవారిని ఎవరును తప్పుపట్టలేదు. నేను మాటలాడునది నిద్ర తీరి, బలముతో లేచినవానిని గూర్చి. సహోదరులారా, బాయి నియమము మీకే తెలియును. పైకి వచ్చినవాడు తన క్యాప్ ల్యాంపును ల్యాంపు రూములో అప్పగించవలెను. అక్కడ అది మరల చార్జి కావలెను, లేనియెడల తరువాత దిగువాడు చీకటిలో పడును. ఎవని ల్యాంపు వాడే అప్పగించును. "నా భార్య వచ్చి ఇచ్చును" అని ఎవడైనను కిటికీ యొద్ద చెప్పునా? బాయి మీద నేర్చిన మర్యాద ఇంటి గడప దాటి లోపలికి రాకపోవుట వింతగా లేదా?

మరియొక మాట. భూగర్భపు గనిలో స్త్రీ పనిచేయరాదని 1952 గనుల చట్టము నిషేధించెను. 2019లో ప్రభుత్వము కొన్ని షరతులతో ఆ ద్వారము తెరచెను. ఇంటిలో దుప్పటి మడువరాదని పురుషుని ఏ చట్టమును ఏనాడును నిషేధించలేదు.

ఇప్పుడు ఖాళీ సమాధికి పోవుదము. పేతురు లోపలికి వెళ్లి చూచినప్పుడు నారబట్టలు ఒకచోట పడియుండెను. తలకు కట్టిన రుమాలు వాటితో కలిసిపోక, వేరుగా ఒకచోట చుట్టిపెట్టబడియుండెను. ఇంత చిన్న సంగతిని యోహాను ఎందుకు వ్రాసెను? ఎవరైనను శవమును దొంగిలించియుంటే, బోళము అగరు పూసిన బట్టలు ఒంటికి అంటుకొనియుండగా వాటిని విప్పి, రుమాలును వేరుగా చుట్టిపెట్టు తీరిక వారికి ఎక్కడిది? నాలుగవ శతాబ్దపు గొప్ప బోధకుడైన యోహాను క్రిసోస్తము ఈ ప్రశ్ననే వేసెను. దొంగ చిందరవందర చేసి పోవును.

ఇక్కడ ఒక హెచ్చరిక. యజమానుడు భోజనపు బల్లయొద్ద రుమాలు మడిచి లేచినయెడల 'తిరిగి వత్తును' అను యూదుల ఆచారమున్నదనియు, సమాధిలోని రుమాలు దానికి గురుతనియు ఒక కథ మన సంఘములలో తిరుగుచున్నది. వినుటకు ఇంపుగా నున్నది గాని దానికి లేఖన ఆధారము లేదు. ప్రభువు రెండవ రాకకు సరిపడినన్ని వాగ్దానములు బైబిలులోనే ఉన్నవి, కల్పిత ఆచారము మీద దానిని నిలుపనక్కరలేదు. ఆ రుమాలును ఎవరు చుట్టిరో కూడ యోహాను చెప్పలేదు. మరణమును గెలిచిన ఆ గొప్ప ఉదయమున సైతము ఒక గుడ్డముక్క దాని చోట సరిగా ఉండెనన్నది మాత్రము చెప్పెను. దాని ముందు మన తొందర ఏపాటిది?

పని తీరును గూర్చి కొంచెము చెప్పనిండు, ఇది మన తల్లులకు తెలిసినదే గాని మగపిల్లలకు చెప్పినవారు లేరు. ఉతికిన దుప్పటిని పూర్తిగా ఆరిన తరువాతనే మడువవలెను. అంచులు తడిగా నుండగా మడిచితే ముసురు దినములలో బూజుపట్టి వాసన కొట్టును. ఇద్దరు చెరి రెండు చెంగులు పట్టి, గట్టిగా విదిలించి, అంచుకు అంచు కలుపుచు ఒకరియొద్దకు ఒకరు నడచుట మంచిది. తగవులాడిన ఆలుమగలకు దీనికంటె చవుకైన ఔషధము నాకు తెలియదు. దుప్పటిని, దాని మెత్త గలీబును ఒకటిగా చేర్చి పెట్టితే రాత్రివేళ వెదకులాట ఉండదు. క్రొత్తగా ఉతికినవి సందుగలో అడుగున పెట్టి పైవి వాడుచుంటే అన్నియు సమముగా అరుగును. ఎండిన వేపాకు నడుమ వేయుట మన పెద్దల వాడుక. కలరా ఉండలు వేసిన యెడల, ఆ బట్టలను ఉతికి, ఎండలో బాగుగా ఆరనిచ్చిన తరువాతనే పసిబిడ్డలకు కప్పుడి. వాటి ఆవిరి వలన కొందరు శిశువులకు రక్తము విరిగి కామెర్లు వచ్చును.

నేలమీద పండుకొను కుటుంబములు మరింత జాగ్రత్తగా నుండవలెను. పగలంతయు మూలను కుప్పగా పడియున్న పక్కబట్టలలో తేలు దూరును. కట్లపాము రాత్రివేళ తిరుగును, దాని కాటు తరచుగా నొప్పి లేకయే యుండును, నిద్రలోనున్నవానికి తెలియకనే ప్రాణము మీదికి వచ్చును. అందుచేత ఉదయము మడిచి నేలకు ఎత్తుగా దండెము మీదనో బల్ల మీదనో ఉంచుడి. రాత్రి పరచుటకు ముందు వెలుతురులో దులుపుడి. అనుమానము కలిగితే మంత్రగానియొద్దకు కాక తిన్నగా ఆసుపత్రికి పొండి.

దాచుటను గూర్చి ఒక సంగతి మిగిలినది. మన యిండ్లలో సందుగ అడుగున పెండ్లినాటి చెద్దరు ఒకటి ఉండును. షోలాపూరు చెద్దరన్నచో మనకు గొప్ప. వాటిని నేసినవారిలో అనేకులు తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలు, మనవారే. ఆ చెద్దరు చుట్టములకని, అయ్యగారు వచ్చినప్పటికని, ఇరువది ఏండ్లు మడత విప్పక దాచబడును. ఆ యింటనే ముసలితల్లి చిరిగిన బొంత క్రింద మోకాళ్లు ముడుచుకొని పండుకొనును. చిమ్మెట తినివేయుటకా ఇంత భద్రము? ముందు ఆమెకు కప్పుడి. అయ్యగారు వచ్చినప్పుడు ఆయనకు బొంత ఇయ్యుడి. ఆయన నిజమైన కాపరియైతే సంతోషించును.

మోషే ధర్మశాస్త్రములో బీదవాని వస్త్రమును కుదువ పెట్టుకొన్నవాడు ప్రొద్దు క్రుంకకముందే దానిని తిరిగి ఇయ్యవలెనని ఉన్నది. వాడు కప్పుకొనునది అదొక్కటే గనుక, అది లేక దేనితో పండుకొనునని దేవుడే అడుగుచున్నాడు. డిసెంబరు, జనవరి మాసములలో మన అడవి అంచు గూడెములలో చలి పది డిగ్రీలకు లోపల పడు రాత్రులు కలవు. క్రిస్మసుకు ముందు మీ సందుగ తెరువుడి. ఇచ్చునది పాతదైనను సరే, చిరిగినచోట కుట్టి, ఉతికి, రెండు ఎండలు చూపి, అంచులు కలిపి మడువుడి. మడువక విసరినది పుచ్చుకొనువాని తల వంచును. ఫొటో కొరకు ముసలివారిని చలిలో వరుసగా నిలువబెట్టకుడి, ప్రొద్దు క్రుంకకముందే వారి గడప యొద్దకు తీసికొనిపోయి రెండు చేతులతో ఇయ్యుడి. ఆ మడతలు ఈసారి ఇంటి మగపిల్లలు వేయవలెను.