మా నాయన, దొర, ఒక ఫొటో

మా నాయన ఫొటోలు మా ఇంట్లో రెండే. ఒకటి రేషన్ కార్డు మీదది. రెండోది మొన్న ఎండాకాలం సెలవుల్లో నేను సెల్‌ఫోనుతో తీసింది. దాంట్లో కుక్క ఉంది. పెద్దది చేయించి గోడకు తగిలిద్దామంటే గొడవయింది. "కుక్కతో పాటా? మనవి కుక్క బతుకులని ఊరు అన్నది చాల్లేదా?" అంది మా అక్క.

ఆమె మాట తప్పనలేను. మా నాయన పదేళ్ళకే పాలేరుగా కుదిరాడు. కామందు కుక్క అరుగెక్కి పడుకునేది. ఆయన అరుగు కింద నిలబడి కూడు పెట్టించుకునేవాడు. 1927లో అంబేడ్కర్ మహాడ్ చవదార్ చెరువు నీళ్ళు తాగేనాటికి ఆ చెరువు పశువులకుంది, మనకు లేదు. మన మనిషి పక్కన కుక్కను చూస్తే చూసేవాడికి ముందు ఏం తోస్తుందో అక్కకు తెలుసు.

అయితే 1934 ఫిబ్రవరిలో బొంబాయి రాజగృహలో అంబేడ్కర్ ఇంటివాళ్ళతో దిగిన ఫొటో చూడండి. రమాబాయి ఉంది, కొడుకు యశ్వంత్ ఉన్నాడు, ముద్దుల కుక్క టోబీ కూడా ఉంది. దాన్ని చూసి ఎవరూ కుక్క బతుకనరు. బారిస్టరు దగ్గరుంటే పెంపుడు కుక్క, గుడిసె ముందుంటే ఊరకుక్క.

మొదట మిట్టమధ్యాహ్నం తీశాను. మా కుక్క తెల్లది. తెల్లగా ఉందని మా నాయనే దానికి దొర అని పేరు పెట్టాడు. రోజుకు పదిసార్లు "ఒరే దొరా, ఇట్రా" అని పిలవడం ఆయనకు మహా ఇష్టం. ఆ ఎండలో దొర వెంట్రుక వెంట్రుకతో సహా పడింది. మా నాయన ముఖం తలగుడ్డ నీడలో బొగ్గు. కళ్ళే లేవు.

యంత్రానికి కులమేంటి అనుకున్నా. కెమెరా ఎదురుగా ఉన్న వెలుతురంతా కలిపి సగటు కడుతుంది. ఎవరి ముఖం కోసమో చెప్పాల్సింది తీసేవాడు. కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకొమ్మని లాబులకు పంపిన షర్లీ కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్ల ఆడమనిషే ఉంది. అక్కడ కంపెనీ. ఇక్కడ తీసింది నేను, ఆయన కొడుకుని. మా బళ్ళో పిల్లలు గ్రూపు ఫొటో చూసి "నల్లగా పడ్డాన్సార్" అంటే "ఉన్నట్టే పడ్డావులేరా" అని నవ్వినవాణ్ణి గూడా నేనే.

తెరమీద నాయన ముఖం దగ్గర వేలు పెట్టి నొక్కితే ముఖం తేరింది. కుక్క సున్నం ముద్దయింది. మర్నాడు సాయంత్రం అయిదింటికి నులకమంచం వేపచెట్టు నీడకు లాగి, ఆయన్ని ఆకాశం కనపడే వైపుకు తిప్పి కూచోబెట్టాను. నీడలో ఇద్దరిమీదా ఒకటే వెలుతురు. కుక్క కళ్ళ ఎత్తుకు నేను నేలమీద గొంతుక్కూచున్నాను.

ఫోనెత్తగానే మా నాయన చేతులు కట్టుకున్నాడు. కామందు ముందు కట్టుకున్నట్టే. "చేతులు దించు నాయనా" అంటే దించుతాడు, మళ్ళా కట్టుకుంటాడు. నా ముందు! నేను చదివిన బి.ఎ. ఎందుకనిపించింది. అంతలో దొర వచ్చి ఆయన మోచేతి కింద మూతి దూర్చింది. చేతులు విడిపోయాయి. కుడిచెయ్యి దాని చెవి మీదికి పోయింది. అప్పుడు నొక్కాను.

కుక్కను కత్తిరించేసి నాయన్నొక్కణ్ణే ఉంచొచ్చన్నాడు స్టూడియో అతను. అక్కకూ అదే సమ్మతం. నాయనకు చూపించాను. ఫోను దూరంగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దాన్ని తీసేస్తే నా చెయ్యి దేనిమీద ఉన్నట్టురా?"

అక్క ఇంకా ఒప్పుకోలేదు. గోడకు మేకు మాత్రం కొట్టి ఉంచాను.