‘వంతు’లోని ధర్మం: ఆన్‌లైన్ ఆటల గిల్డ్‌లలో కొల్లసొమ్ము పంపకం, సభ్యుల జవాబుదారీతనం

ఉపోద్ఘాతం

తెలుగులో ‘వంతు’ అనే మాటకు మూడు అర్థచ్ఛాయలు ఉన్నాయి. ‘నా వంతు నాకు రావాలి’ అన్నప్పుడు అది పొందవలసిన భాగం. ‘నా వంతు పని నేను చేశాను’ అన్నప్పుడు అది నెరవేర్చవలసిన బాధ్యత. ‘ఈ రాత్రి నీళ్లు మా వంతు’ అన్నప్పుడు అది వరుసక్రమం. హక్కును, విధిని, క్రమాన్ని ఒకే మాటలో ఇముడ్చుకున్న ఈ పదం ఒక నైతిక ప్రశ్నకు దారి తీస్తుంది. పలువురు కలిసి శ్రమించి సాధించిన ఫలాన్ని ఏ న్యాయంతో పంచాలి? శ్రమలో పాలుపంచుకోలేనివాడిని ఏమని లెక్క అడగాలి? అడిగేవాడు ఎవరికి లెక్క చెప్పాలి?

ఈ ప్రశ్నను నేటి యువతరానికి సుపరిచితమైన ఆన్‌లైన్ ఆటల గిల్డ్‌ల ఆధారంగా పరిశీలించి, సంప్రదాయ వ్యవహారధర్మంలోనూ భాగవత కథలోనూ దానికి లభించే సమాధానాలను చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

సమస్య స్వరూపం

2004లో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వంటి ఆటలలో కొందరు ఆటగాళ్లు గిల్డ్ అనే బృందంగా ఏర్పడి, బలమైన శత్రువుపై సామూహికంగా చేసే దాడిని రెయిడ్ అంటారు. తొలినాళ్లలో ఒక్కో రెయిడ్‌కు 40 మంది అవసరమయ్యేవారు. శత్రువు కూలినప్పుడు లభించే ఆయుధాలు, కవచాలు మాత్రం వేళ్లమీద లెక్కించదగినన్నే. ఈ కొల్లసొమ్మునే లూట్ అంటారు. విలువైన వస్తువులు చాలావరకు ఒకసారి ఒకరి చేతికి చిక్కితే మరొకరికి మార్చడానికి వీలుండదు. నలభైమంది శ్రమ, రెండు మూడు వస్తువులు, సరిదిద్దుకోలేని పంపకం: వివాదానికి కావలసిన కారణాలన్నీ ఇక్కడ ఉన్నాయి.

ఈ చర్చకు నన్ను పురికొల్పినది స్వానుభవం. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల మిత్రులం కొందరం ఇటువంటి ఒక గిల్డ్‌లో ఆడేవాళ్లం. హాజరు పద్దు రాసే పని నాది. మా నియమం ఒక్కటే: శత్రువు కూలిన రాత్రి హాజరైనవారికే లూట్‌లో వంతు. ఒక కఠినమైన రెయిడ్‌లో మేము వారాల తరబడి ఓడిపోయాం. ఆ ఓటమి రాత్రులన్నింటా మాతో ఉన్న కామారెడ్డి మిత్రుడు ఒకడు, గెలిచిన రాత్రి ఇంట్లో పెళ్లిపనుల వల్ల రాలేకపోయాడు. అతడు ఎదురుచూసిన వస్తువే ఆ రాత్రి లభించింది. ఆ వారమే చేరిన వేరొకరికి అది దక్కింది. పద్దు చూసి, నియమం ప్రకారమే జరిగిందని చెప్పినవాణ్ణి నేనే. అతడు నాతో వాదించలేదు. “లెక్క సక్కగనే ఉన్నది గని, నా వంతు ఏడవోయిందన్నా?” అని మాత్రం అడిగాడు. ఆ తరువాత ఆటకు రాలేదు.

లెక్క సరిగా ఉండి కూడా వంతు తప్పిపోవడం ఎలా సాధ్యం? ఈ వ్యాసానికి మూలప్రశ్న ఇదే.

పంపక పద్ధతులు – వాటి నైతిక ఆధారాలు

గిల్డ్‌లు ఈ సమస్యకు కనుగొన్న పరిష్కారాలలో నాలుగు ప్రధానమైనవి. మొదటిది శ్రమను లెక్కించే పద్ధతి. 1999లో వెలువడిన ఎవర్‌క్వెస్ట్ ఆటలో ఆఫ్టర్‌లైఫ్ అనే గిల్డ్ ‘డ్రాగన్ కిల్ పాయింట్స్’ అనే లెక్కను ప్రవేశపెట్టింది. రెయిడ్‌లో పాల్గొన్నందుకు అంకాలు జమ అవుతాయి, వస్తువు తీసుకున్నప్పుడు ఖర్చవుతాయి. చాలా గిల్డ్‌లు ఓడిన రాత్రులకు కూడా అంకాలు ఇవ్వసాగాయి. నిన్నటి శ్రమను రేపటిదాకా గుర్తుపెట్టుకోవడం ఈ పద్ధతిలోని సుగుణం. పాతవారి ఖాతా పెరిగిపోయి కొత్తగా వచ్చినవారికి దారి మూసుకుపోవడం దీని దోషం.

రెండవది పెద్దల నిర్ణయం. కొందరు అనుభవజ్ఞులు కూర్చుని, ఏ వస్తువు ఎవరి చేతిలో ఉంటే బృందానికి మేలో తేలుస్తారు. ఇక్కడ ఆధారం సామర్థ్యం, అవసరం. పక్షపాతానికి చోటు కూడా ఇక్కడే ఎక్కువ. మూడవది వేలం. వస్తువును ఆటలోని బంగారానికి వేలంవేసి, వచ్చిన మొత్తాన్ని పాల్గొన్నవారందరికీ పంచుతారు. రిక్తహస్తాలతో ఎవరూ వెళ్లరు. కాని అసలు డబ్బుతో అక్రమంగా బంగారం కొనేవారికి ఇది ఆశ చూపుతుంది. 2024లో ఆ ఆటలోని ఒక విభాగంలో నిర్వాహకులే ఈ పద్ధతిని నిషేధించారు.

నాలుగవది యాదృచ్ఛికత. యంత్రమే ఎవరికి ఏది ఇవ్వాలో తేలుస్తుంది. 2018లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ నిర్వాహకులు నాయకుడు పంచే పద్ధతిని తొలగించి దీనినే తప్పనిసరి చేశారు. 2022లో మళ్లీ బృంద పంపకానికి చోటిచ్చారు. యంత్రం పంచినప్పుడు నిందించడానికి ఎవరూ ఉండరు. అయితే లెక్క చెప్పేవారూ ఉండరు. తగాదాతోపాటు, తోటివాడికి వదులుకునే అవకాశం కూడా తగ్గిపోతుంది.

అమర్త్యసేన్ 2009లో ప్రచురించిన ‘ది ఐడియా ఆఫ్ జస్టిస్’ గ్రంథంలో ఒక పిల్లనగ్రోవి కోసం వాదించే ముగ్గురు పిల్లల ఉదాహరణ ఉంది. ఒకరికి వాయించడం వచ్చు, మరొకరికి ఆడుకోవడానికి వేరే వస్తువే లేదు, ఇంకొకరు దానిని స్వయంగా తయారుచేశారు. ముగ్గురి వాదనకూ బలం ఉన్నదే. గిల్డ్ పద్ధతులు కూడా ఇటువంటి భిన్న న్యాయాలనే ఆశ్రయిస్తున్నాయి. కనుక సరైన సూత్రం ఏదో ఒక్కటే అని వెతకడంతో సమస్య తీరదు. నా మిత్రుడి ప్రశ్న సూత్రానికి ముందున్న మరొక అంశాన్ని సూచిస్తున్నది.

స్మృతులలో ఉమ్మడి వ్యవహారం

ధర్మశాస్త్రాలు పరిశీలించిన వ్యవహారపదాలలో ‘సంభూయ సముత్థానం’ ఒకటి. పలువురు కలిసి చేసే ఉద్యమం అని దీని అర్థం. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రచించగా, 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయం ద్వారా ఆ సంప్రదాయాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. యాజ్ఞవల్క్యుడి ప్రకారం కలిసి వ్యాపారం చేసేవారు లాభాన్నీ నష్టాన్నీ పెట్టుబడిని బట్టి గాని, ముందుగా చేసుకున్న ఒడంబడికను బట్టి గాని పంచుకోవాలి. వద్దన్న పని చేసి గాని, అజాగ్రత్తవల్ల గాని చెరుపు చేసినవాడు దానిని భర్తీ చేయాలి. ఆపద నుండి సొమ్మును కాపాడినవాడికి పదోవంతు అదనం. ఈ విధి వర్తకులతో ఆగక, ఋత్విక్కులకు, కర్షకులకు, శిల్పులకు కూడా వర్తిస్తుంది.

ఇంతకంటే మన విషయానికి సన్నిహితమైనది కాత్యాయనస్మృతిలో ఉంది. రాజాజ్ఞతో పరరాజ్యంపై పడి తెచ్చిన కొల్లసొమ్మును, రాజభాగం తీశాక, ఎలా పంచుకోవాలో అది చెబుతుంది. నాయకుడికి 4 పాళ్లు, శూరుడికి 3, సమర్థుడికి 2, మిగిలినవారికి ఒక్కొక్కటి. ఈ కొలతలోని అసమానతను పక్కనపెడితే రెండు అంశాలు గమనార్హం. చివరివాడికి కూడా పాలు తప్పదు. వారిలో ఎవరైనా పట్టుబడితే విడిపించడానికి అయ్యే సొమ్మును అందరూ తమ పాళ్ల ప్రకారమే భరించాలి. నాలుగు పాళ్లు తీసుకున్నవాడు నాలుగు పాళ్ల భారం మోయాలి. ‘వంతు’ అనే మాటలో హక్కు, విధి కలిసి ఉన్నట్లే ఇక్కడ లాభం, భారం ఒకే కొలతతో నడుస్తున్నాయి.

జవాబుదారీతనానికి సంబంధించి యాజ్ఞవల్క్యుడు చూపిన భేదం మరింత విలువైనది. భాగస్వాములలో ‘జిహ్ము’డిని, అనగా వంచకుడిని, లాభం ఇవ్వకుండా వెలివేయాలి. ‘అశక్తు’డు మాత్రం తన పనిని మరొకరిచేత చేయించవచ్చు. పని దగ్గర లేకపోవడం ఇద్దరిలోనూ సమానమే కావచ్చు. కాని ఒకడిది మోసం, మరొకడిది అశక్తత. కాలువ పూడిక తీసే రోజున రాలేని ఇల్లు బదులుగా మనిషిని పంపితే ఆ ఇంటి నీటి వంతు పోదని చెప్పే పెద్దలను ఎల్లారెడ్డి పరిసరాల్లో విన్నాను. ఆ మాట వెనుక ఉన్నది ఈ భేదమే. నా హాజరు పద్దులో మాత్రం గైర్హాజరుకు ఒకే గుర్తు ఉండేది. వస్తువు చిక్కగానే మర్నాడు గిల్డ్ విడిచిపోయినవాడికీ, పెళ్లింట చిక్కుకున్నవాడికీ నేను పెట్టింది ఆ గుర్తే. లెక్క సరిగానే ఉంది. ఆ లెక్కకు కన్ను లేదు.

స్మృతులను ఇక్కడ ప్రమాణంగా స్వీకరించడం లేదు. అవి వర్ణాధికారానికి కట్టుబడిన గ్రంథాలన్నది మరువరాదు. ఉమ్మడి శ్రమ గురించి అవి చేసిన వివేచనకే ఈ పరిశీలన పరిమితం.

క్షీరసాగర మథనం: సమ్మతి ప్రశ్న

నియమానికి అందరూ ముందే ఒప్పుకున్నారు కదా అనే సమాధానం మా గిల్డ్‌లోనూ వినిపించింది. దీని బలాబలాలను పోతన తెలుగు చేసిన భాగవత అష్టమస్కంధ కథ తేటపరుస్తుంది. దేవతలు, అసురులు కలిసి సముద్రాన్ని చిలికారు. మొదట పుట్టినది హాలాహలం. దానిలో వంతు కావాలని ఎవరూ అడగలేదు, శివుడు మింగాడు. ఉచ్చైశ్రవాన్ని బలి కోరాడు. లక్ష్మి తానే విష్ణువును వరించింది. అమృతకలశాన్ని అసురులు లాక్కున్నారు. అప్పుడు వారిలో బలహీనులు ఒక ధర్మం ఎత్తిచూపారని వ్యాస భాగవతం చెబుతుంది: సత్రయాగంలో వలె సమానంగా శ్రమపడిన దేవతలకు కూడా భాగం ఉండాలి. తమకు దక్కదన్న అసూయతో అన్నప్పటికీ ఆ మాటలోని న్యాయం చెదరదు. సమానశ్రమకు సమానభాగం అనే సూత్రాన్ని గుర్తుచేయడం తరచుగా వంతు అందనివారికే పడుతుంది.

తరువాత మోహిని వచ్చింది. తాను చేసేది మంచైనా చెడైనా ఒప్పుకుంటేనే పంచుతానన్నది. అసురులు సమ్మతించారు. అమృతం దేవతల పంక్తికే అందుతున్నా, ఇచ్చిన మాటకు కట్టుబడి మౌనం వహించారు. కథ భక్తిమార్గంలో దీనిని సమర్థిస్తుంది: దేశం, కాలం, ప్రయత్నం సమానమైనా హరిపాదాశ్రయం వల్ల ఫలభేదం కలిగింది. ఆ తాత్పర్యాన్ని ప్రశ్నించడం ఈ వ్యాస పరిధి కాదు. మానవ వ్యవహారానికి సంబంధించి మాత్రం ఒక భేదం గ్రహించవచ్చు. నియమాన్ని తెలుసుకుని ఒప్పుకోవడం వేరు, పంచేవారి ఇష్టానికి ముందే తలవంచడం వేరు. మొదటిది ఒడంబడిక, రెండవది సమర్పణ. భగవంతుడి విషయంలో సమర్పణ భక్తి కావచ్చు. తోటి మనిషి విషయంలో అది అతడిని లెక్క చెప్పే బాధ్యత నుండి తప్పిస్తుంది.

మా నియమం రహస్యం కాదు. అయితే దానిని చేసింది ప్రతిరాత్రీ రాగలిగిన నలుగురం. రాలేని పరిస్థితి మాకు ఎదురుకాదన్న ధీమా దానిలో ఇమిడి ఉంది. ఓటమి రాత్రులు మా హాలాహలం. వాటిని పంచుకున్నవారి పేర్లు నా పద్దులో ఉన్నా, పంపకం వేళ వాటిని ఎవరం చూడలేదు.

ముగింపు

పై పరిశీలన నుండి మూడు అంశాలు తేలుతున్నాయి. ఫలం చేతికి రాకముందే నియమం తెలిసి ఉండాలి, దాని భారం మోయవలసినవారికి దానిని రూపొందించడంలో చోటుండాలి. లాభాన్ని పంచే కొలతతోనే నష్టాన్నీ శ్రమనూ లెక్కించాలి. సభ్యుడిని లెక్క అడిగే ముందు వంచనను, అశక్తతను వేరుచేయాలి. అలా వేరుచేసేవారు కూడా తమ నిర్ణయానికి కారణం చెప్పాలి.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. కారణాలు వినడం మొదలుపెడితే సాకులు పెరుగుతాయని, కఠిన నియమమే పక్షపాతానికి విరుగుడని అనవచ్చు. ఇది త్రోసిపుచ్చదగినది కాదు. పద్దు లేని గిల్డ్ నాయకుడి దయమీద నడుస్తుంది. అందుకే పద్దు కావాలి. పద్దు రాసేవాడు మాత్రం దాని వెనుక దాగకూడదు. నియమం ప్రకారమే జరిగిందన్న నా మాట అబద్ధం కాదు. నా మిత్రుడు అడిగింది నియమం గురించి కాదు గనుక అది జవాబు కూడా కాలేదు.

ఆటలోని ఆయుధానికి ఆట వెలుపల విలువ లేకపోవచ్చు. అతడు మాతో గడిపిన రాత్రులు అతడి జీవితంలోనివే. వాటిని గుర్తించడం పద్దు రాసేవాడిగా నా వంతు. ఆ వంతును నేను నెరవేర్చలేదు.