నేలను రాసిచ్చే హక్కు ఎవరిది?

ఇథియోపియా పడమటి అంచున, దక్షిణ సూడాన్ సరిహద్దును ఆనుకుని గంబెల్లా రాష్ట్రం ఉంది. ఎత్తయిన కొండల నుంచి దిగివచ్చే బారో నది అక్కడి పల్లపు నేలల్లో నెమ్మదిస్తుంది. వానాకాలంలో గట్లు దాటి పొంగుతుంది, నీళ్లు తీశాక ఒండ్రు మిగులుతుంది. 2010లో ఇథియోపియా ప్రభుత్వం ఈ ప్రాంతంలో లక్ష హెక్టార్లను, అంటే రెండున్నర లక్షల ఎకరాలకు దగ్గరగా, బెంగుళూరుకు చెందిన కరుటూరి గ్లోబల్ కంపెనీకి యాభై ఏళ్ల కౌలుకు రాసిచ్చింది. పని సజావుగా సాగితే మరో రెండు లక్షల హెక్టార్లు ఇస్తామంది. కౌలు ఏడాదికి హెక్టారుకు 20 బిర్‌లు. అప్పటి మారకం లెక్కన డెబ్బై రూపాయల లోపే.

ఆ ఒప్పందంలో పక్షాలు రెండే. ఒకటి ఇచ్చిన ప్రభుత్వం, రెండోది పుచ్చుకున్న కంపెనీ. ఆ నేల మీద అప్పటికే బతుకుతున్నవారు అందులో లేరు.

ఆ కాలంలో ఇథియోపియా వైపు చూసిన కంపెనీలను తప్పు పట్టలేం. ఆఫ్రికాలో నైజీరియా తర్వాత అత్యధిక జనాభా ఆ దేశానిదే. ఇప్పుడది పన్నెండు కోట్లు దాటింది. 2004 తర్వాత పదేళ్లకు పైగా, ప్రభుత్వ లెక్కల ప్రకారం, ఆర్థిక వ్యవస్థ ఏటా సగటున పది శాతం దాకా పెరిగింది. రాజధాని అడిస్ అబాబా పక్కన చైనా చెప్పుల ఫ్యాక్టరీ వచ్చింది. జివాయ్ సరస్సు ఒడ్డున డచ్చి గులాబీ తోటలు వెలిశాయి. 2016లో జిబూతి రేవుకు విద్యుత్ రైలు మార్గం ప్రారంభమైంది, అదే ఏడు హవాసాలో బట్టల పరిశ్రమల పార్కు తెరుచుకుంది. 2022లో కెన్యా కంపెనీ సఫారీకామ్ రాకతో టెలిఫోన్ రంగంలో ప్రభుత్వ గుత్తాధిపత్యం పోయింది. 2024 జులైలో బిర్ మారకపు విలువను మార్కెట్‌కు వదిలేశారు. ఆ డిసెంబరులో విదేశీ బ్యాంకులను అనుమతిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. అవకాశం నిజమైనది, అది ఇంకా ఉంది కూడా.

అందుచేత లాభం పాపమా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పరాయి దేశానికి వెళ్లి వ్యాపారం చేయడాన్ని ఏ ధర్మశాస్త్రమూ మొత్తంగా నిషేధించలేదు. అంతకంటే ముందు తేలవలసిన ప్రశ్న ఒకటుంది. పుచ్చుకునేవాడు ధర మాట్లాడుకునే ముందు, ఇచ్చేవాడికి ఇచ్చే హక్కు ఉందో లేదో చూసుకోవాలా? కాగితం మీద ప్రభుత్వ ముద్ర ఉంటే ఆ బాధ్యత తీరిపోయినట్టేనా?

మన మీమాంసకుల పద్ధతిలో ముందు పూర్వపక్షాన్ని, అంటే ఎదుటి వాదనను, పూర్తిగా వినాలి. అది బలహీనమైనదేమీ కాదు.

1984 కరువులో ఇథియోపియాలో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. ఆ జ్ఞాపకం ఉన్న దేశం పండని నేలను పండించాలనుకోవడం సహజం. పెట్టుబడి లేదు, ట్రాక్టర్లు లేవు, విదేశీ మారకద్రవ్యం లేదు. ఇవన్నీ తెచ్చే కంపెనీకి నేల చవకగా ఇస్తే తప్పేమిటి? కౌటిల్యుడే అర్థశాస్త్రంలో సాగు చేయనివారి నుంచి భూమి తీసుకుని చేసేవారికి ఇమ్మని రాజుకు చెప్పాడు. ఇంగ్లండులో జాన్ లాక్ 1689లో అచ్చయిన గ్రంథంలో దాదాపు ఇదే వాదన చేశాడు. మనిషి తన శ్రమను కలిపినప్పుడే నేల అతని సొంతమవుతుంది, దున్నకుండా వదిలేసిన నేల వ్యర్థమైన నేల అన్నాడు. ఇస్లామీయ ధర్మశాస్త్రంలోనూ బీడును సాగులోకి తెచ్చినవాడికి దాని మీద హక్కు ఏర్పడుతుందన్న సూత్రం ఉంది. ఇన్ని సంప్రదాయాలు ఒక చోట కలిశాయంటే ఆ మాటలో బలం లేకపోలేదు.

అయితే ఈ వాదనలన్నీ ఒకే ఊతం మీద నిలబడ్డాయి. ఆ నేల ఖాళీగా ఉందన్నదే ఆ ఊతం.

గంబెల్లా నేల ఖాళీగా ఉందా? అన్యువాక్ రైతులు ఏటి ఒడ్డున మొక్కజొన్న, జొన్న వేస్తారు, చేపలు పడతారు. కొన్నేళ్లు పండించిన చెలకను సారం పుంజుకునేదాకా వదిలేసి మరో చోటికి మారతారు. వదిలిన చెలక బీడులా కనిపిస్తుంది గానీ అది తిరిగి వాళ్ల చేతికి రావలసిన పొలమే. నువేర్ పశువుల కాపరులు వానాకాలం మెట్ట మీద ఉండి, ఎండలు ముదిరాక మందలను ఏటి వైపు తోలుకొస్తారు. ఏడాదిలో సగం రోజులు ఆ గడ్డిలో ఎవరూ కనిపించరు.

గోదెరె వైపు అడవుల్లో ఉండే మజాంగ్ ప్రజల సంగతి ఇంకా స్పష్టం. వాళ్లు దుంగలను తొలిచి గొట్టాల్లా చేసి, ఎత్తయిన చెట్ల కొమ్మల మీదికి ఎక్కించి కడతారు. తేనెటీగలు వాటిలో చేరతాయి. పూత కాలం ముగిశాక, రాత్రిపూట పొగ పట్టుకుని చెట్టెక్కి తేనె తీస్తారు. ఏ చెట్టు మీది దుంగ ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. ఉపగ్రహ చిత్రంలో మాత్రం అక్కడ అడవి తప్ప ఇంకేమీ కనిపించదు. ఆ అడవిలోనే సుమారు 3,000 హెక్టార్లు తేయాకు తోట కోసం మరో భారతీయ కంపెనీకి కౌలుకు వెళ్లాయి. ఊరి పెద్దలు రాజధాని దాకా వెళ్లి దేశాధ్యక్షుడికి మొరపెట్టుకున్నారు.

లాక్ కూడా ఒక షరతు పెట్టాడు. ఒకడు సొంతం చేసుకున్నాక మిగతావారికి అంతే మంచి నేల, సరిపడా మిగలాలి. గంబెల్లాలో ఒండ్రునేల ఏటి వెంబడే ఉంది. దాన్ని కంచె లోపలికి తీసుకున్నాక కాపరికీ రైతుకూ మిగిలేది అంత మంచిది కాదు. అంటే పూర్వపక్షం తన షరతు దగ్గరే చిక్కుపడింది.

ఇక సిద్ధాంతం, అంటే పూర్వపక్షానికి జవాబు. జైమిని పూర్వమీమాంసా సూత్రాల్లో ఆరో అధ్యాయం, ఏడో పాదంలో ఒక విచారణ ఉంది. విశ్వజిత్ యాగం చేసేవాడు తనకున్నదంతా దక్షిణగా ఇచ్చేయాలి. అంతా అంటే ఏమిటి? తల్లిదండ్రులు కూడా తనవాళ్లేగా, వాళ్లనూ ఇవ్వవచ్చా? ఇవ్వకూడదు, వాళ్లతో ఉన్నది సంబంధమే గాని యాజమాన్యం కాదు. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. యాగం చేసేవాడు సార్వభౌముడైతే తన ఏలుబడిలోని భూమినంతా ఇచ్చేయవచ్చా? జైమిని వద్దన్నాడు, భూమి అందరికీ సమానం కనుక. శబరస్వామి భాష్యం దీన్ని వివరించింది. తన పొలం మీద మనిషికి అధికారం ఉండవచ్చు, మొత్తం పుడమి మీద ఎవరికీ లేదు. రాజుకు పంటలో భాగం ముట్టేది కాపాడుతున్నందుకు, నేల అతనిదైనందుకు కాదు. విజయనగర కాలంలో మాధవాచార్యులు జైమినీయ న్యాయమాలా విస్తరంలో ఇదే నిర్ణయాన్ని మళ్లీ నిలబెట్టారు.

ఇది యాగశాలలో పుట్టిన చర్చే. అయినా అందులో తేలిన విషయం రాజ్యాధికారపు హద్దు. ఏలడం వేరు, కలిగి ఉండడం వేరు. కాపలా పెట్టినంత మాత్రాన కాపలాదారుకు ఇచ్చేసే హక్కు రాదు. మన రాజులు రాగి శాసనాల మీద ఊళ్లకు ఊళ్లు దానమిచ్చారు కదా అనవచ్చు. ఆ దానాల్లో చాలావరకు చేతులు మారింది రాజుకు రావలసిన పన్ను, పంటలో భాగం. దున్నేవాడు అక్కడే దున్నుకుంటూ ఉండిపోయాడు. గంబెల్లాలో దున్నేవాడే లేచిపోవలసి వచ్చిందన్నది ఫిర్యాదు. అక్కడి పల్లెలను ఒకచోటికి చేర్చే కార్యక్రమంలో జనాన్ని బలవంతంగా కదిలించారని, ఖాళీ చేయించిన నేలల్లో కొన్ని పెట్టుబడులకు వెళ్లాయని హ్యూమన్ రైట్స్ వాచ్ 2012లో ఒక నివేదికలో రాసింది. బడి, వైద్యం, నీళ్లు అందించడానికే ఆ కార్యక్రమమని, కౌళ్లతో దానికి సంబంధం లేదని ప్రభుత్వం ఖండించింది.

భారతీయ శాస్త్రాన్ని తీసుకెళ్లి ఆఫ్రికా మీద రుద్దడం న్యాయమా అనే సందేహం రావచ్చు. ఇథియోపియాకు ఆ అరువు అక్కర్లేదు. నాలుగో శతాబ్దంలోనే క్రైస్తవాన్ని స్వీకరించిన ఆ దేశానికి నాబోతు ద్రాక్షతోట కథ కొత్త కాదు. అహాబు రాజు నాబోతు తోట అడిగాడు. బదులుగా అంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు, కాదంటే డబ్బిస్తానన్నాడు. ధర విషయంలో రాజు మోసం చేయలేదు. తాతతండ్రుల నేల ఇవ్వనని నాబోతు అన్నాడు. రాణి అబద్ధపు సాక్ష్యం పుట్టించి అతన్ని చంపించింది, ఏలీయా ప్రవక్త రాజును నిలదీశాడు. గిట్టుబాటు ధర ఇవ్వజూపినా, కాదన్నవాడి నేల తీసుకునే అధికారం రాజుకు రాదన్నది ఆ కథ నేర్పే పాఠం. లేవీయకాండం ఇంకా ముందుకు వెళ్లింది. నేల దేవుడిది, శాశ్వతంగా అమ్మకూడదు, యాభయ్యో ఏట అది మొదటి కుటుంబానికి తిరిగి చేరాలి అంది.

ఆ దేశపు చట్టం కూడా ఈ వైపే నిలబడింది. 1960ల్లో అడిస్ అబాబా విద్యార్థులు దున్నేవాడిదే భూమి అంటూ వీధుల్లోకి వచ్చారు. 1975లో సైనిక ప్రభుత్వం భూమినంతా జాతీయం చేసింది. 1995 రాజ్యాంగం 40వ అధికరణంలో భూమి రాజ్యానికీ ఇథియోపియా ప్రజలకూ చెందుతుందని, దాన్ని అమ్మకూడదని రాశారు. రాజ్యంతో పాటు ప్రజలనూ అక్కడ చేర్చారు. అదే అధికరణం పశువుల కాపరులను వారి నేలల నుంచి వెళ్లగొట్టరాదంటుంది. 43వ అధికరణం తమను తాకే ప్రాజెక్టుల మీద ప్రజలను సంప్రదించాలంటుంది. ఈ లెక్కన చూస్తే సంతకం పెట్టిన అధికారి ఇద్దరు హక్కుదారుల్లో ఒకరి తరఫున మాత్రమే పెట్టాడు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎందరో ఇథియోపియా విద్యార్థులు పరిశోధన చేశారు, ఆ దేశపు విశ్వవిద్యాలయాల్లో తెలుగు అధ్యాపకులు పాఠాలు చెప్పారు. ఆ విశ్వవిద్యాలయం ఉన్న విశాఖకు ఎగువన, బొర్రా గుహల చుట్టుపక్కల ఊళ్లలో ఇదే ప్రశ్న మన గడ్డ మీద తలెత్తింది. అనంతగిరి మండలంలో గిరిజనుల మధ్య ఉన్న ప్రభుత్వ భూముల్లో కాల్సైట్ తవ్వకాలకు ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చారు. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం అంటోంది. అయితే ఆ నిషేధం సాటి మనుషులకేనా, ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందా? సమత సంస్థ వేసిన కేసులో 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ చట్టం దృష్టిలో ప్రభుత్వమూ ఒక వ్యక్తే, తన పేర ఉన్న భూమినైనా అక్కడ గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదంది. జైమిని పేరెత్తకుండానే న్యాయస్థానం ఆ సిద్ధాంతానికి చాలా దగ్గరికి వచ్చింది. ఆ రక్షణ స్వదేశంలో అనుభవించిన మనం, సరిహద్దు దాటగానే దాన్ని పక్కన పెడితే సమర్థించుకోలేం.

గంబెల్లాలో చివరికి ఏమైంది? 2011లో బారో పొంగి కంపెనీ వేసిన మొక్కజొన్న మునిగిపోయింది. అప్పులు పెరిగాయి. తీసుకున్న నేలలో కొద్ది భాగం కూడా సాగులోకి రాలేదంటూ 2015 చివర్లో ప్రభుత్వమే కౌలు రద్దు చేసింది. కంపెనీ అందుకు ఒప్పుకోలేదు గానీ 2017 నాటికి ఇథియోపియా వదిలి వెళ్తున్నట్టు చెప్పింది. దీన్ని కర్మఫలంగా చెప్పడం అన్యాయం. ధర్మంగా వెళ్లిన రైతు పంటనూ వరద వదలదు. అధర్మంగా సంపాదించినవాళ్లు బాగుపడ్డ ఉదాహరణలూ లోకంలో తక్కువేమీ లేవు. కానీ ఒక సంగతి గమనించాలి. కంపెనీ హక్కుకు ఉన్న ఆధారం ప్రభుత్వ మాట ఒక్కటే. ఆ మాట మారినప్పుడు, వీళ్లు ఉండాలని అడగడానికి చుట్టూ ఏ ఊరికీ కారణం లేకపోయింది. ఊరి ఒప్పుదలతో వెళ్లిన కంపెనీకి కనీసం ఆ గొంతు తోడుండేది.

నేల అవసరం పెద్దగా లేని రంగాలు ఈ చిక్కు నుంచి కొంత తప్పించుకుంటాయి. ఫోన్ టవరుకూ బ్యాంకు శాఖకూ ఊళ్లు కదలవు. వాటికి వేరే ప్రశ్నలున్నాయి. హవాసాలో కుట్టుపని అమ్మాయిల తొలి జీతం నెలకు 26 డాలర్లేనని 2019లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రాశారు. అది న్యాయమైన కూలీ గురించిన విచారణ, దాన్ని విడిగా చేయాలి. వ్యవసాయం, గనులు, తోటలు, ఆనకట్టల వ్యాపారంలో మాత్రం మొదటి మెట్టు భూమే.

ఒప్పుదల అడగడం చెప్పినంత తేలిక కాదన్నది నిజం. ఊరి తరఫున ఎవరు మాట్లాడాలి? పెద్దమనిషి అమ్ముడుపోతే? ఆడవాళ్ల మాట వినిపించకపోతే? ఒక ఊరు సరేనని పక్క ఊరు కాదంటే? 2012 మేలో ఐక్యరాజ్యసమితి ఆహార భద్రతా సంఘం భూమి హక్కుల మీద ఆమోదించిన మార్గదర్శకాలు కాగితం లేని ఆచార హక్కులను కూడా గుర్తించమన్నాయి. కానీ అవి ఎవరినీ కట్టడి చేసే చట్టం కావు. కాబట్టి బరువు మళ్లీ వెళ్లే కంపెనీ మీదే పడుతుంది. ఇప్పటికే పెట్టుబడికి ముందు లాయర్లు దస్తావేజు చూస్తారు, ఇంజనీర్లు మట్టి పరీక్షిస్తారు. అదే జాబితాలో భూవినియోగపు సర్వే కూడా చేరాలి. అది వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి జరగాలి. ఒక్క వానాకాలమే చూస్తే ఏటి ఒడ్డున నువేర్ మంద కనిపించదు. తేనె దుంగలున్న చెట్లు చూపించడానికి మజాంగ్ ఊరి మనిషిని వెంట తీసుకెళ్లాలి. తేలినదాన్ని ఆ ఊరి భాషలో చదివి వినిపించి, ఊరివాళ్లను మూడో పక్షంగా ఒప్పందంలో చేర్చాలి. వాళ్లు వద్దంటే, మంత్రిత్వ శాఖ సంతకం సిద్ధంగా ఉన్నా కంపెనీ ఆ లీజు తీసుకోకూడదు.