మనవాళ్ల మాటను కూడా తూచాలా?

ఆశ్రమ పాఠశాలల్లో చదివి డిగ్రీకి వెళ్లిన మన పిల్లలకు ఇంగ్లీషు తరగతిలో ఒక పని ఇస్తారు. ఒక ప్రసంగాన్ని తీసుకుని, అది వినేవాళ్లను ఎలా ఒప్పిస్తోందో విశ్లేషించి వ్యాసం రాయమంటారు. చెప్పింది మనకు నచ్చిందా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. ఆ మాట ఎలా పనిచేసింది అన్నదే ప్రశ్న. పరాయివాళ్ల ప్రసంగమైతే పిల్లలకు ఇబ్బంది లేదు. మన పెద్దల ప్రసంగమైతే చెయ్యి ఆడదు. మనకోసం నిలబడ్డ మనిషి మాటను ముక్కలు చేసి చూడటం తప్పు కాదా అనిపిస్తుంది.

తప్పు కాదని మేము అనుకుంటున్నాం.

1946 డిసెంబర్ 19న రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా చేసిన ప్రసంగాన్నే తీసుకుందాం. నెహ్రూ పెట్టిన లక్ష్యాల తీర్మానం మీద చర్చ అది. రాయబోయే విద్యార్థి మొదటిసారి కలం పట్టకుండా మొత్తం చదవాలి. రెండోసారి ఎవరు, ఎవరితో, ఎందుకు మాట్లాడుతున్నారో రాసుకోవాలి. మాట్లాడేది ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ముండా బిడ్డ, 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్, ఆదివాసీ మహాసభ నాయకుడు. వింటున్నది వకీళ్లు, పెద్ద చదువుల వాళ్లు ఎక్కువగా ఉన్న సభ.

మూడోసారి మాటల దగ్గర ఆగాలి. ఇతరులు తిట్టుగా వాడే 'జంగ్లీ' అన్న పేరును ఆయన గర్వంగా తనకు తానే పెట్టుకున్నారు. జంగ్లీని కాబట్టి తీర్మానంలోని చట్టపు చిక్కుముడులు నాకు అర్థమవుతాయని ఎవరూ అనుకోరు అన్నారు. ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుడు అలా అనడం అబద్ధమా? జాగ్రత్తగా చూస్తే, నాకు అర్థం కాదని ఆయన అనలేదు. మీరు అలా అనుకుంటారు అన్నారు. వినయంగా కనిపించే ఆ మాటలోనే సభ మీద చురక ఉంది. మెచ్చుకుంటూ వేగంగా చదివితే ఇది దొరకదు. తూచినవాడికే దొరుకుతుంది.

ఇంకోచోట, ఇక కొత్త అధ్యాయం మొదలవుతుందన్న మీ మాటను నమ్ముతున్నాను అన్నారు. అది నమ్మకమూ, కట్టడీ కూడా. మన గూడెం పంచాయితీలో పదిమంది ముందు "నీ మాట చాలు" అని పెద్దమనిషి అంటే, మాట ఇచ్చినవాడు వెనక్కి పోవడం కష్టం కదా.

ఈ విద్య మనకు పరీక్ష మార్కుల కోసమే కాదు. భూమి కోసం వచ్చేవాడు కూడా "తమ్ముడూ" అనే పిలుస్తాడు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకూడదని 1/70 చట్టం ఉన్నా, తియ్యటి మాటలతో బినామీ కాగితాలు పుడుతూనే ఉన్నాయి. మాట తనమీద ఎలా పనిచేస్తోందో తెలిసిన పిల్ల వేలిముద్రకు ముందు కాగితం చదవమంటుంది. అయితే ఆ త్రాసును పరాయివాళ్లకే వాడి, మనవాళ్లు మాట్లాడేటప్పుడు దాచిపెడితే అది తప్పుడు త్రాసు అవుతుంది. కోట్లమంది తరఫున మాట్లాడుతున్నానన్న జైపాల్ సింగ్‌ను కూడా, ఆ హక్కు ఎక్కడిదని విద్యార్థి అడగాలి. మన నాయకులనూ, పిల్లల తరఫున మాట్లాడే మాలాంటి పంతుళ్లనూ అడగాలి.

ఇలా చూస్తే మాట వెనకున్న బాధ పక్కకు పోతుందని కొందరు మిత్రులు అంటారు. ఆ ప్రమాదం ఉంది. అందుకే వ్యాసం చివర, ఆ మాట ఏం సాధించింది అని కూడా రాయాలి. రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు వచ్చింది. ఆయన పట్టుబట్టిన 'ఆదివాసీ' అన్న పేరు మాత్రం రాలేదు, 'షెడ్యూల్డ్ తెగలు' అనే ఉండిపోయింది. గెలిచిందీ ఓడిందీ రెండూ రాస్తేనే విశ్లేషణ నిజాయితీగా ఉంటుంది.

పెద్దలకు దండ వేయడం సులువు. వాళ్ల మాటను మూడుసార్లు చదివి, ప్రశ్నించి, ఆ తర్వాత కూడా నిలిచినదాన్ని మనదిగా చేసుకోవడం కష్టం. మన పిల్లలకు మేము నేర్పాలనుకునే గౌరవం ఆ రెండోది.