భక్తి ఉంటే ఆందోళన ఉండకూడదా?

"రోజూ పూజ చేస్తావు కదా, ఇంకా ఎందుకంత టెన్షన్?" ఈ మాట మనలో చాలామంది వినే ఉంటాం. ఆందోళన అంటే నిజంగా దేవుడి మీద నమ్మకం తక్కువనేనా?

మాది పెదకూరపాడు. కల్లంలో మిర్చి ఆరబోశాక మబ్బు పడితే రైతుకి కంగారే. వెంటనే టార్పాలిన్ పట్టాలు కప్పుతాడు. ఆ కంగారు మంచిదే, పని చేయించింది. కానీ పట్టాలు కప్పాక, పంట అమ్మేశాక కూడా నిద్ర పట్టకపోతే? సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నాకు అలానే ఉంటుంది. రిలీజ్ సాఫీగా అయిపోతుంది. ఆందోళన మాత్రం అమ్మ ఆరోగ్యం మీదికి, అక్కణ్ణుంచి ఈఎంఐ మీదికి మారుతుంది. ఇలా ఆరు నెలలకు పైగా దాదాపు రోజూ ఉండి, నిద్రనీ పనినీ దెబ్బతీస్తుంటే డాక్టర్లు దాన్ని జబ్బుగానే చూస్తారు.

ఒకసారి అర్జునుణ్ణి తలుచుకోండి. సాక్షాత్తు కృష్ణుడే రథం తోలుతున్నా, గీత మొదటి అధ్యాయంలో ఆయనకి ఒళ్లు వణికింది, నోరు ఎండిపోయింది, గాండీవం జారిపోయింది. దేవుడు పక్కనే ఉన్నవాడికే అలా అయితే, మనది భక్తి లోపం ఎలా అవుతుంది? ఆరో అధ్యాయంలో, మనసు గాలిలాంటిది, పట్టుకోలేనని అర్జునుడు అంటే కృష్ణుడు కాదనలేదు. కష్టమేనని ఒప్పుకుని, అభ్యాసం, వైరాగ్యం అనే దారి చూపించాడు.

నా దృష్టిలో అభ్యాసం అంటే జపం ఒక్కటే కాదు, సైకాలజిస్టు నేర్పింది రోజూ చేయడం కూడా. వైరాగ్యం అంటే పట్టాలు కప్పాక మబ్బుని మబ్బుకే వదిలేయడం.

2022 అక్టోబర్ నుంచి కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే "నమ్మకం లేదా?" అని కాకుండా, "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగండి.